63 ఏళ్ల నాన్నతో ఫ్రాన్స్ పల్లెదారుల్లో మూడు రోజులు

ప్రశ్న: "ఫ్రాన్స్ పల్లెల్లో, పాత ఊళ్ల మధ్య సైకిల్ మీద తిరగాలని ఉంది. అలవాటు లేనివాళ్లకు సాధ్యమేనా? ఖరీదైన సైకిల్, ఫిట్‌నెస్ తప్పనిసరా?"

సాధ్యమే, సందేహం అక్కర్లేదు. మా నాన్నకు అప్పటికి 63 ఏళ్లు. సైకిల్ వదిలేసి పాతికేళ్లు దాటింది, కుడి మోకాలి నొప్పి సరేసరి. అయినా మూడు రోజుల్లో 110 కిలోమీటర్ల దాకా తొక్కారు. అదీ అద్దె సైకిల్ మీద, మామూలు చెప్పులతో. ఫిట్‌నెస్ గురించి టెన్షన్ పడకండి. ఆ టెన్షనేదో దారి గురించి, గాలి గురించి పడండి.

నేను తులూజ్‌లో ఉండబట్టి తొమ్మిదేళ్లయింది. విమానాల పరిశ్రమ ఉన్న ఊరు కాబట్టి మనవాళ్లు బాగానే ఉన్నారు. సెలవొస్తే కార్లేసుకుని బార్సిలోనా, లేదంటే ప్యారిస్ వెళ్లి టవర్ ముందు ఫోటో. ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల ఏముందో చూసినవాళ్లు చాలా తక్కువ. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. సైకిల్ మోజు పట్టినవాళ్లు కూడా కార్బన్ ఫ్రేము, గుండె వేగం చూపే వాచీ, బిగుతు జెర్సీ కొనడంతో మొదలుపెడతారు. అలా మొదలుపెట్టిన నలుగురు నాకు తెలుసు. నలుగురి సైకిళ్లూ ఇప్పుడు బాల్కనీల్లోనే ఉన్నాయి.

నాన్న గోదావరి తూర్పు డెల్టాలో ఇరిగేషన్ లస్కరుగా, అంటే కాలువను, నీళ్ల పంపకాన్ని చూసుకునే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలువ గట్టు మీదే గడిచింది, మొదట్లో అట్లాస్ సైకిల్ మీద. ఆ సెప్టెంబర్‌లో మా దగ్గరికొచ్చి రెండు వారాలు ఇంట్లో కూర్చునేసరికి ఊపిరాడలేదు. "ఇక్కడ పెద్ద కాలువ ఉందన్నావు, చూపించవేరా" అన్నారు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

శుక్రవారం పొద్దున్నే తులూజ్‌లో లోకల్ రైలెక్కి, సైకిళ్లు కూడా ఎక్కించుకుని, అరగంటలో విల్‌ఫ్రాన్ష్‌లో దిగాం. అక్కడి నుంచి కెనాల్ దు మిది గట్టు పట్టుకున్నాం. తులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్ల కాలువ ఇది. 1667లో తవ్వడం మొదలుపెట్టి 1681లో నీళ్లు వదిలారు. తవ్వించిన పియేర్ పాల్ రికే ఇంజనీరేమీ కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. సొంత ఆస్తి కూడా ఇందులో పోశాడు. కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందు, 1680లో చనిపోయాడు. ఈ మాట చెప్పగానే నాన్న సైకిల్ ఆపేశారు. "నీళ్లు పారడం చూడకుండానే పోయాడా?" అని అడిగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ రోజు గురించే కాస్త ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి.

పదీ పదిహేను కిలోమీటర్లు నింపాదిగా వెళ్లాక ఓసెయాన్ అనే లాకు వచ్చింది. లాకంటే పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎత్తే, దించే తలుపుల తొట్టి. ఆ పేరుకు మహాసముద్రం అని అర్థం. అప్పుడే ఒక పడవ కింది నుంచి లోపలికొచ్చింది. నాన్న సైకిల్ స్టాండ్ వేసి గట్టు అంచుకు వెళ్లి నిలబడ్డారు. వెనక తలుపులు మూసుకున్నాయి. ముందు తలుపుల కింది తూములు తెరుచుకున్నాయి. నీళ్లు సుళ్లు తిరుగుతూ నిండుతుంటే పడవ మెల్లగా పైకి లేచింది. నాన్న పడవ వంక చూడనే లేదు, ఆయన కళ్లు గోడ మీదున్నాయి. మన డెల్టాలో లాకు గోడలు తిన్నగా ఉంటాయి. ఇక్కడ రెండు వైపులా బయటికి ఉబ్బి, లోపల కోడిగుడ్డు ఆకారంలో ఉంది. "మట్టి తోపుడికి ఇలా కట్టారురా. తిన్నగా కడితే లోపలికి పడిపోద్ది" అన్నారు. ఆయన ఏ బోర్డూ చదవలేదు. నిజం కూడా అదే. మొదట్లో కట్టిన ఒక లాకు గోడ కూలిపోయాకే రికే ఈ ఆకారానికి మారాడు.

లాకు చూసే ఆవిడ మీటలు నొక్కే పెట్టె దగ్గర నిలబడి ఉంది. నాన్న "బోంజూర్" అని, రెండు చేతులతో షట్టరు తిప్పుతున్నట్టు చూపించి, తన గుండె మీద తట్టుకున్నారు. ఆవిడకు అర్థమైపోయింది. గోడకు ఆనించి ఉన్న పాత ఇనుప హ్యాండిల్ తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బరువు చూసి, అరచేతిలోని కాయ ఆవిడకు చూపించారు. ఆవిడ కూడా అరచెయ్యి చాపి చూపించింది. నేను తర్జుమా చెయ్యబోతే నాన్న చెయ్యెత్తి వద్దన్నారు. పదిహేను నిమిషాలు అలా గడిచాయి. కారులో వెళ్లేవాడికి ఇది దొరకదు. బస్సులో గైడు వెంట వెళ్లేవాడికి అసలే దొరకదు. నా అభిప్రాయంలో సైకిల్‌కు ఉన్న విలువంతా ఎక్కడపడితే అక్కడ ఆగగలగడంలోనే ఉంది.

అక్కడికి దగ్గర్లోనే నోరూజ్. కాలువ మొత్తంలో ఎత్తైన చోటు, అంటే మిట్ట, అదే. ఈశాన్యాన ఉన్న నల్లకొండల వాగుల నీటిని చిన్న కాలువలో ఇక్కడికి తెచ్చారు. కొంత అట్లాంటిక్ వైపు పోతుంది, కొంత మధ్యధరా వైపు పోతుంది. నాన్న వంతులవారీ నీళ్ల తగాదాలు ముప్పై ఏళ్లు చూసిన మనిషి. "ఎవరికీ గొడవ లేకుండా రెండు సముద్రాలకు పంచాడు" అని, అక్కడే చెట్టు కింద కూర్చుని పెరుగన్నం తిన్నారు.

ఆ చెట్ల గురించి కూడా చెప్పాలి. కాలువ పొడవునా సుమారు 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. ఏదో బూజు తెగులు పట్టింది, మందు లేదు. 2006 నుంచి కొట్టేసి కాల్చేస్తున్నారు. కొత్తవి నాటుతున్నారు గానీ అవి నీడ ఇవ్వడానికి ఒక తరం పడుతుంది. నీడ ఉన్నప్పుడే వెళ్లి చూసిరండి.

ఇక దారి సంగతి. దయచేసి ఫోన్‌లోని యాప్ చెప్పిందల్లా వినకండి. తులూజ్‌కు వచ్చిన కొత్తలో ఒక యాప్‌ను నమ్మి, కాలువ పక్కనే పోయే డి813 రోడ్డెక్కాను. లారీల గాలికి సైకిల్ ఊగిపోయింది, ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కాగితం మ్యాపు కొనండి. మిషెలాన్ మ్యాపుల్లో ఎర్ర గీతలు, పసుపు గీతలు, తెల్ల గీతలు ఉంటాయి. ఎర్రవి ముట్టుకోవద్దు. పసుపువి తప్పనిసరైతేనే. తెల్లవి మీవి. వాటి మీద అరగంటకో కారు వస్తే గొప్ప. వచ్చినా ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని చట్టం. నా అనుభవంలో పల్లెల్లో పాటిస్తారు, మలుపు దాటేదాకా వెనకే ఓపిగ్గా వస్తారు. నాన్న అయితే హారన్ మోగకుండా వెనక కారు ఉండటం చూసి కంగారుపడి మూడుసార్లు గడ్డిలోకి దిగిపోయారు. ఒక్క జాగ్రత్త: బోర్డు లేని కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే హక్కు, అది ఎంత సన్న సందైనా సరే.

ఎత్తు గురించి అందరూ భయపడతారు. ఎత్తు ఏమీ చెయ్యదు, దిగి నడిపించుకోవచ్చు. సాన్ ఫెలిక్స్ ఊరు గుట్ట మీద ఉంటుంది. చివరి కిలోమీటరు ఇద్దరం సైకిళ్లు తోసుకుంటూనే ఎక్కాం. అందులో నామోషీ ఏముంది? అసలు శత్రువు గాలి. ఇక్కడ ఆగ్నేయం నుంచి ఓతాన్ అనే గాలి వీస్తుంది. మూడు రోజులు, ఆరు, లేదా తొమ్మిది రోజులు ఉంటుందని స్థానికులు అంటారు. అది ఎదురుగా ఉంటే దిగుడులో కూడా తొక్కాల్సిందే. బయల్దేరే ముందు వాన చూడకపోయినా పరవాలేదు, గాలి చూడండి. తులూజ్ నుంచి బయటికి పోయేటప్పుడు మొహానికి కొడుతుంది కాబట్టి, ఓతాన్ ఉన్న రోజు రైల్లో ముందుకెళ్లి వెనక్కి తొక్కుకుంటూ రావడం మేలు.

రెండో సమస్య నీళ్లు. మధ్యాహ్నం 12 దాటితే పల్లెల్లో కొట్లు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం, సోమవారం అయితే చాలా చోట్ల బేకరీ కూడా ఉండదు. ఇక్కడి సైకిల్ వాళ్లందరికీ తెలిసిన ఉపాయం ఏమిటంటే, ప్రతి ఊరి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. తాగకూడని నీళ్లయితే బోర్డు పెడతారు. నాన్నను అక్కడికి తీసుకెళ్తే గేటు దగ్గరే ఆగిపోయారు. "ఏరా, శ్మశానంలో నీళ్లు తాగమంటావా?" అన్నారు. నేను బలవంతపెట్టలేదు. నా సీసా నింపుకున్నాను. ఆయన తర్వాతి ఊరి చర్చి పక్కన కుళాయి దొరికేదాకా, ఆరు కిలోమీటర్లు, గొంతు తడుపుకోకుండా తొక్కారు. పెద్దవాళ్లతో వెళ్లేటట్టయితే రెండు సీసాలు ఎక్కువ పెట్టుకోండి.

ఆ శుక్రవారం రాత్రి రెవెల్ అనే ఊళ్లో పడుకున్నాం. 1342లో గళ్లు గీసినట్టు కట్టిన ఊరు. నడిమధ్యలో చెక్క స్తంభాల మీద పెద్ద పెంకుల కప్పు, దాని కింద శనివారం సంత. చుట్టుపక్కల రైతులంతా దిగారు. ఊరికి దగ్గర్లోనే సాన్ ఫెరియోల్ చెరువు ఉంది. రికే కాలువకు నీళ్లు నిలవ చేసింది అందులోనే. నాన్నకు అది చూపించక తప్పలేదు.

తర్వాత ప్వీలోరాన్స్ మీదుగా లోట్రెక్ దాకా అన్నీ తెల్ల దారులే. ఈ ప్రాంతం ఒకప్పుడు పాస్టెల్ అనే ఆకు పండించి నీలిరంగు తీసి యూరప్ అంతా అమ్మేది. తులూజ్‌లో వ్యాపారుల మేడలు ఆ డబ్బుతో లేచినవే. 16వ శతాబ్దం రెండో సగంలో మతయుద్ధాలు వచ్చాయి, సముద్రం మీద మన దేశపు నీలిమందు వచ్చింది. దాంతో ఆ వ్యాపారం పడిపోయింది. ఇప్పుడు ఆ పొలాల్లో గోధుమ, పొద్దుతిరుగుడు. మేం వెళ్లేసరికి పొద్దుతిరుగుడు పూలు నల్లబడి తలలు వాల్చేశాయి. నాన్న ఒక పువ్వు గింజ కొరికి, కోతకు వారం ఉందన్నారు.

లోట్రెక్ గులాబీ రంగు వెల్లుల్లికి పేరు. కాడలతోనే గుత్తులు కట్టి అమ్ముతారు. నాన్న ఒక గుత్తి కొని హ్యాండిల్‌కు వేలాడదీసుకున్నారు. ఆదివారం ఆల్బీ చేరేదాకా అది అలాగే ఊగుతూ ఉంది. ఆల్బీకి ఇంకా కొంత దూరం ఉండగానే ఎర్ర ఇటుకల చర్చి కనిపించింది. 78 మీటర్ల గోపురం, కోటలాంటి గోడలు. 1282లో మొదలుపెట్టి రెండు వందల ఏళ్లు కట్టారు. కారులో రెండుసార్లు వచ్చి చూశాను దాన్ని. ఇల్లూవాకిళ్ల మధ్య నుంచి మెల్లగా పెరుగుతూ మనవైపు రావడం ఈసారే చూశాను.

అందుకని, మీ ప్రశ్నకు జవాబు: మామూలు గేర్ల సైకిల్ చాలు, రోజుకు 40 కిలోమీటర్లు మించొద్దు, సెప్టెంబర్‌లో రండి, జులై ఎండలో వద్దు. బ్యాటరీ సైకిల్ తీసుకున్నా తప్పులేదు.

నాన్న వచ్చే ఏడాది మళ్లీ వస్తానంటున్నారు. మేం నోరూజ్ దగ్గరే రెవెల్ వైపు తిరిగిపోయాం కదా. కాలువ మీద ఇంకో ఐదు కిలోమీటర్లు ముందుకెళ్తే, మిట్ట అవతలి అంచున మెడిటెరానే అనే లాకు ఉంటుంది. ఒకవైపు తలుపులు చూసి, రెండోవైపువి చూడకుండా వచ్చేశామని ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు.