ఒక అసర్షన్ ఫెయిలైతే మిగతావి ఆగిపోతున్నాయా?

ప్రశ్న: గాజువాక, డాబాగార్డెన్స్ షాపులకు మేం జావాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. బిల్లు టెస్టులో మొదటి అసర్షన్ (ఫలితం ఇలాగే రావాలని చూసే తనిఖీ) ఫెయిలైతే తర్వాతివి నడవడం లేదు. అది సరిచేసి మళ్లీ నడిపితే ఇంకోటి బయటపడుతోంది. రిలీజ్ రోజున ఒకటే టెన్షన్. టెస్టుకు ఒక్క అసర్షనే ఉండాలని మా సీనియర్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: అసర్షన్ ఫెయిలైన వెంటనే ఎర్రర్ వస్తుంది, ఆ టెస్టు అక్కడే ఆగుతుంది. జావా టెస్టులు రాసే టూల్ జేయూనిట్‌లో, 2017లో వచ్చిన 5వ వెర్షన్‌లో దీనికి ‘అసర్ట్‌ఆల్’ ఉంది. ఒక్కో అసర్షన్‌ను ఒక్కో లాంబ్డాగా (తర్వాత నడపమని అప్పగించే చిన్న కోడ్ ముక్కగా) ఇస్తే అన్నిటినీ నడిపి, ఫెయిలైనవన్నీ ఒకేసారి చూపిస్తుంది. లాంబ్డా ఎందుకంటే, మామూలుగా రాస్తే అసర్ట్‌ఆల్ చేతికి అందకముందే మొదటి అసర్షన్ నడిచి ఆగిపోతుంది.

దీంతో టైమ్ కలిసొస్తుంది. కానీ అసలు లాభం వేరే ఉంది. 1,000 రూపాయల వస్తువును 18 శాతం జీఎస్టీతో రాష్ట్రంలోనే అమ్మారనుకోండి. సీజీఎస్టీ (కేంద్రం వాటా) 90, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 90, మొత్తం 1,180 రావాలి. ‘సీజీఎస్టీ 90 రావాలి, 180 వచ్చింది’ అని మాత్రమే కనిపిస్తే పన్ను రేటు తప్పేమోనని వెతుకుతారు. ఎస్‌జీఎస్టీ సున్నా అనీ, మొత్తం మాత్రం సరిగ్గానే ఉందనీ పక్కనే కనిపిస్తే? రేటు బాగానే ఉంది, పన్నును రెండుగా పంచే చోటే తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది. ఏవి ఫెయిలయ్యాయో, ఏవి పాసయ్యాయో కలిపి చూస్తేనే బగ్ దొరుకుతుంది. అందుకే ఒకే బిల్లుకు సంబంధించిన అంకెలను విడదీయవద్దంటాను.

మీ సీనియర్ మాటలోనూ న్యాయం ఉంది. బిల్లు వేయడం, రద్దు చేయడం, సరుకు వాపసు తీసుకోవడం ఒకే టెస్టులో కుక్కితే అసర్ట్‌ఆల్ కాపాడదు. ఆ మూడింటికీ మూడు టెస్టులు రాయండి.

ఒకదానిపై ఒకటి ఆధారపడే వాటిని మాత్రం ఒకే అసర్ట్‌ఆల్ గుంపులో పక్కపక్కన పెట్టకండి. బిల్లే నల్ (అసలు లేకపోవడం) అయితే దానిలోని అంకెలను చూసే ప్రతి లాంబ్డా నల్ పాయింటర్ ఎర్రర్ ఇస్తుంది, రిపోర్టంతా చెత్తతో నిండుతుంది. బిల్లు నల్ కాదని ముందు విడిగా తేల్చుకుని, ఆ తర్వాత గుంపు మొదలుపెట్టండి. ప్రతి అసర్షన్‌కూ ‘ఎస్‌జీఎస్టీ’, ‘మొత్తం’ అంటూ చిన్న మెసేజ్ ఇవ్వండి. లేకపోతే ఏ అంకె దేనిదో రిపోర్టులో తెలియదు.

అసర్ట్‌జే అనే అసర్షన్ల లైబ్రరీ వాడేవాళ్లకు ఇదే పని చేసే సాఫ్ట్ అసర్షన్స్ ఉన్నాయి. కానీ చివర వాటి సొంత అసర్ట్‌ఆల్ పిలవడం మరిచిపోతే తప్పులున్నా టెస్టు పాసైపోతుంది! ఇది చాలా ప్రమాదం. దాన్ని తానే పిలుచుకునే ‘అసర్ట్ సాఫ్ట్‌లీ’ వాడితే ఆ భయం లేదు. మీ పాత ప్రాజెక్టులు ఇంకా జేయూనిట్ 4 మీదే ఉంటే, ‘ఎర్రర్ కలెక్టర్’ అనే రూల్‌తో ఈ పని చేయించుకోవచ్చు.