గని మట్టిగుట్టల మీద కాలనీ కట్టాలంటే ఏం చదవాలి?

బల్లార్‌పూర్ నుంచి ఒక తండ్రి అడిగారు: "నేను బొగ్గు గనిలో పనిచేస్తాను. మా బిడ్డ ట్వెల్త్ సైన్స్, మ్యాథ్స్ ఉంది. ఓపెన్‌కాస్ట్ తవ్వి పోసిన మట్టిగుట్టల మీద చెట్లు, చెరువులతో పచ్చని కాలనీ డిజైన్ చేస్తానంటోంది. ఆర్కిటెక్చర్‌లో వెయ్యాలా? తర్వాత ఉద్యోగం ఉంటుందా? ఇంట్లో ఒకటే టెన్షన్."

అన్నా, ఆలోచన మంచిదే. కాకపోతే మీ బిడ్డ ఇంటి దగ్గర మొదలుపెడుతోంది, ఈ పని మట్టి దగ్గర మొదలవుతుంది. నాకంటే మీకే బాగా తెలుసు, కొత్తగా పోసిన ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టీ రాళ్లూ) ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, బొగ్గు ముక్కలు కలిసి ఉంటే లోపల తనంతట తానే అంటుకుంటుంది, గంధకం ఉన్న రాళ్ల మీదుగా దిగిన వాననీరు ఆమ్లంగా మారుతుంది. ముందు వాలు సరిచేయాలి, నీటికి దారి చూపాలి, గడ్డీ చెట్లూ పట్టించాలి. ఇళ్లను పక్కనున్న గట్టి నేల మీద పెట్టి గుట్టను అడవికే వదిలేయడం చాలాసార్లు తెలివైన డిజైన్, ఆ మాట ఇప్పుడే చెప్పండి.

పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ 1968లో మొదలైనప్పుడు అదంతా కోతపడిన ఎర్రమట్టి బీడు. గట్లు కట్టి, వాననీరు ఆపి, లక్షల మొక్కలు నాటుతూ పోతేనే ఇవాళ్టి నీడ వచ్చింది. మీకు దగ్గర్లోనే నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు గుంగావ్ మాంగనీస్ గని కుప్పల మీద చక్కెర ఫ్యాక్టరీ మడ్డి, వేళ్లకు బలమిచ్చే సూక్ష్మజీవులు వాడి చెట్లు పెంచారు. ఆ పని గురించి చదవమనండి.

ఇక చదువు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిదేళ్లు, నాటా అనే ఆర్కిటెక్చర్ ఎంట్రన్స్ గానీ జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. బీప్లానింగ్ (ఊళ్లు, నగరాల ప్లానింగ్ డిగ్రీ) నాలుగేళ్లు, దానికి జేఈఈ మెయిన్ పేపర్ 2బీ. నాగ్‌పూర్ వీఎన్ఐటీలో బీఆర్క్ ఉంది, భోపాల్, విజయవాడ ఎస్పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) రెండూ ఉన్నాయి. నన్నడిగితే బీఆర్క్ చేసి, ఆపైన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో (నేల, నీరు, చెట్లతో ఆరుబయలు డిజైన్ చేసే చదువు) మాస్టర్స్. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ చేతిలో ఉంటే పచ్చని కాలనీ దొరికేదాకా మామూలు ఇళ్లు గీసుకునైనా బతకొచ్చు. 'గ్రీన్', 'ఎకో' అని పేరు తగిలించి లక్షలు గుంజే కోర్సులున్నాయి, వాటి జోలికి పోకండి, కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.

జీతం సంగతి దాచను. చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో మొదటి రెండుమూడేళ్లు ఇచ్చేది మీ గని జీతం ముందు నిలవదు. అయితే 2009 నుంచి బొగ్గు గనులకు మూసివేత ప్లాన్ తప్పనిసరి, దానికోసం ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ పనికే విడిగా కట్టిపెట్టే ఖాతాలో, డబ్బు కూడా వెయ్యాలి. ఆ ప్లాన్లు తయారుచేసే కన్సల్టెన్సీల్లో నేల, నీరు, డిజైన్ మూడూ తెలిసిన మనిషికి చోటుంటుంది.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. పర్మిషన్ దొరికితే చెట్లు పట్టిన పాత గుట్ట ఒకటి, కొత్తది ఒకటి బిడ్డకు చూపించండి, రెండింటి బొమ్మలూ గీయమనండి, నాటాలో డ్రాయింగ్ ఎలాగూ ఉంటుంది. చంద్రపూర్ ఎండ మేలో 45 డిగ్రీలు దాటుతుంది కదా, ఏ గోడకు నీడ కావాలో, థర్మల్ కరెంటు ప్లాంట్ల బూడిదతో చేసిన ఇటుక ఎక్కడ వాడొచ్చో అక్కడే నిలబడి ఆలోచించమనండి. రెండు గంటల తర్వాత కూడా ఇంటికి పోదామనకపోతే ఫారం నింపేయండి.