జర్మనీలో పియానో సొనాటా: చప్పట్లు ఎప్పుడు, సాధన ఎప్పుడు, చెవి ఎక్కడ పెట్టాలి

కొత్తగా వచ్చినవాళ్ళ మొదటి సందేహం ఎప్పుడూ ఇదే. పియానో కచేరీకి టికెట్ కొన్నాం, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

సొనాటా పూర్తయ్యాకే. సొనాటా అంటే వాద్యానికి రాసిన పెద్ద రచన, అందులో సాధారణంగా మూడు నాలుగు భాగాలుంటాయి. ఒక భాగం అయ్యాక వాయించేవాళ్ళు కొద్దిసేపు ఆగుతారు. హాలంతా దగ్గుతుంది, ఎవరూ చప్పట్లు కొట్టరు. కార్యక్రమ పత్రంలో ప్రతి సొనాటా కింద భాగాల పేర్లు వరుసగా ఉంటాయి కాబట్టి లెక్కపెట్టుకుంటే సరిపోతుందని చాలామంది చెబుతారు. లెక్క తప్పే చోట్లు లేకపోలేదు. బీథోవెన్ 'పథెటీక్' (ఓపస్ 13, ఓపస్ అంటే రచన సంఖ్య) మొదటి భాగం నెమ్మదైన గ్రావెతో మొదలై వేగం అందుకుంటుంది. ఆ గ్రావె మధ్యలో మళ్ళీ వస్తుంది, చివర్లోనూ తొంగిచూస్తుంది. అది కొత్త భాగం అనుకుంటే లెక్క తారుమారే. 'అపాసియొనాటా' (ఓపస్ 57)లో రెండో భాగం ఆగకుండానే మూడోదాంట్లో కలిసిపోతుంది. ఆఖరి సొనాటా ఓపస్ 111లో ఉన్నవి రెండే భాగాలు, అదీ మెల్లగా ముగుస్తుంది. అందుకని లెక్క కన్నా చేతుల్ని నమ్మండి. చేతులు పియానో మెట్ల (వేళ్ళతో నొక్కే కీల) మీద నుంచి పూర్తిగా దిగి, వాయించినవాళ్ళు లేచేదాకా ఆగండి. మొదటి చప్పట్లు మీవే కానక్కర్లేదు.

మన కచేరీల్లోలా తొడ మీద తాళం వెయ్యడం, 'ఆహా' అనడం ఇక్కడ కుదరదు. దగ్గు మాత్రల కాగితం ముందే విప్పి పెట్టుకోండి. పెద్ద కోటు, బ్యాగు గార్డరోబెలో (కోట్లు దాచే చోట) ఇచ్చెయ్యాలి, చాలా హాళ్ళలో లోపలికి తేనివ్వరు. ఆలస్యమైతే విరామం దాకా బయటే. చేతులు కనబడాలంటే వేదికకు ఎదురుగా ఎడమవైపు సీటు తీసుకోండి. బెర్లిన్ ఫిల్హార్మొనీ కామర్‌మ్యూజిక్‌జాల్‌లాంటి చోట ప్రేక్షకులు వేదిక చుట్టూ కూర్చుంటారు. అక్కడ పియానో మూత వెనకవైపు సీట్లు చవకే, కానీ తెరిచిన మూత శబ్దాన్ని అవతలివైపుకి పంపుతుంది. పియానోకి ఆ సీట్లు వద్దు. డబ్బు పెట్టే ముందు మీ ఊళ్ళో మ్యూజిక్‌హోహ్‌షూలె (సంగీత విశ్వవిద్యాలయం) ఉందేమో చూడండి. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్, లైప్‌జిగ్‌లలో ఉన్నాయి. విద్యార్థులు వాయించే క్లాసెన్‌ఆబెంట్ సాయంత్రాలు చాలావరకు ఉచితం, వాయింపు మాత్రం చవకబారుగా ఉండదు.

ఇక వినడం. మనవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే ఉంది. తంబూరా అలవాటైన చెవికి షడ్జం ఒకసారి పెట్టాక కచేరీ అంతా కదలదు. రాగం మారినా ఆధారం అదే. సొనాటాలో కదిలేది షడ్జమే. ఇది పట్టుకోకపోతే ఎంత మంచి వాయింపైనా స్వరాల వానలాగే ఉంటుంది.

మోజార్ట్ 1788లో తన జాబితాలో 'మొదలుపెట్టేవాళ్ళ కోసం' అని రాసుకున్న సి మేజర్ సొనాటా, కె. 545 (కె. అన్నది ఆయన రచనలకు తరవాత వేసిన సంఖ్య), తీసుకోండి. మొదటి భాగం మొత్తం 73 బార్లు (బార్ అంటే మన ఆవర్తంలాంటిది). మొదలయ్యేది సిలో, అంటే మన శంకరాభరణం స్వరాల్లో. 14వ బార్‌లో రెండో థీమ్ (ముఖ్యమైన వరస) వచ్చేసరికి పంచమమే కొత్త షడ్జమైపోయి ఉంటుంది. సి వైపు నుంచి చూస్తే శుద్ధ మధ్యమం పోయి ప్రతి మధ్యమం వచ్చింది. కళ్యాణి స్వరాల్లో పంచమాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వస్తుందని గ్రహభేదం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే జరిగింది, కాకపోతే ఇక్కడ అది కాసేపటి చమత్కారం కాదు, రచన నడిచేదే దాని మీద. 28వ బార్‌తో ఆ సగం ముగిసి, మొదటి నుంచి మళ్ళీ వాయిస్తారు. 29 నుంచి 41 దాకా శ్రుతి ఎక్కడా నిలవదు. 42లో మొదటి థీమ్ తిరిగొస్తుంది. ఎవరైనా సిలో వస్తుందనుకుంటారు, మోజార్ట్ ఎఫ్‌లో, అంటే మధ్యమం మీద తెచ్చాడు. సిలోకి నిజంగా చేరేది 59లో, రెండో థీమ్‌తో.

మొదటిసారి వినేటప్పుడు మొదటి 'సా'ని లోపల పట్టుకుని ఉండండి. రెండో థీమ్ దగ్గర అది అసలు కుదురుతోందా, ఎక్కడో ఒరుసుకుంటోందా చూడండి. ఫోన్‌లో తంబూరా యాప్ సి మీద పెట్టి ఒక్కసారి విన్నా ఈ తేడా తెలుస్తుంది. తరవాత యాప్ ఆపెయ్యండి, దాంతో వినడం అలవాటైతే అసలు సంగతే చెడుతుంది. చిన్నదైన దీన్ని పట్టుకున్నాకే షూబర్ట్ సొనాటా డి. 960 జోలికి వెళ్ళండి. అందులో మొదటి సగం మళ్ళీ వాయిస్తే మొదటి భాగమొక్కటే దాదాపు 20 నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో సాధన చెయ్యొచ్చా? చెయ్యొచ్చు. సంగీత సాధనని పూర్తిగా నిషేధించకూడదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018లో ఒక ట్రంపెట్ కేసులో చెప్పింది. పనిదినాల్లో రోజుకు రెండు మూడు గంటలు, ఆదివారాలు, సెలవుల్లో ఒకటి రెండు గంటలు అన్నది స్థూలమైన కొలత. మధ్యాహ్నం, రాత్రి నిశ్శబ్ద వేళలు మాత్రం పాటించాలి. అవి మీ భవనం హౌస్‌ఓర్డ్‌నుంగ్‌లో (నియమాల పత్రంలో) ఉంటాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అన్నది మామూలుగా అందరికీ తెలిసినదే.

డిజిటల్ పియానోకి హెడ్‌ఫోన్ పెడితే గొడవ ఉండదనుకోకండి. మెట్టు అడుగుకి తగిలే టకటక నేల గుండా కింది ఫ్లాట్‌కి దిగుతుంది. స్టాండు కాళ్ళ కింద మందపాటి రబ్బరు, దాని మీద కార్పెట్ వెయ్యండి. కొనేటప్పుడు బరువున్న 88 మెట్లు తప్పనిసరి. పెట్టెతో వచ్చే చిన్న పెడల్ స్విచ్ నేల మీద జారిపోతుంది, పెడల్ సగమే నొక్కితే దానికి తెలియదు. స్టాండుకి బిగించే పెడల్ తీసుకోండి. అసలు పియానో అయితే గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలి. చలికాలంలో హీటింగ్ వేస్తే తేమ పడిపోతుంది, లోపలి చెక్క ఎండి శ్రుతి దిగుతుంది. ఇల్లు మారాక రెండు మూడు వారాలు ఆగి శ్రుతి చేయించండి, వెంటనే చేయిస్తే డబ్బు దండగ.

పిల్లలు ఫోర్‌ష్పీల్‌లో (విద్యార్థుల కచేరీలో) కె. 545 వాయిస్తుంటే గుర్తుంచుకోవలసినవి కొన్ని. ఎడమచేతి 'స ప గ ప'లో పంచమం రెండుసార్లూ బొటనవేలికే వస్తుంది. అది బరువైన వేలు కాబట్టి కుడిచేతి పాటని మింగేస్తుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 60 మీద, ఎడమచేయి ఒక్కటే, వినీ వినబడనట్టు వాయించి అలవాటు చెయ్యండి. వేగాన్ని నిర్ణయించాల్సింది మొదటి నాలుగు బార్లు కాదు, 5వ బార్ నుంచి వచ్చే స్వరాల పరుగులు. 'మూన్‌లైట్' మొదటి భాగమైతే పెడల్ ఎత్తకుండా వాయించమని బీథోవెన్ రాసింది నిజమే, కానీ ఆనాటి పియానోలో నాదం త్వరగా ఆరిపోయేది. ఇప్పటిదాంట్లో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినప్పుడల్లా పెడల్ మార్చకపోతే అంతా అలుక్కుపోతుంది.

కె. 545లో వేదిక మీద మర్చిపోయేది ఎక్కువగా ఒకేచోట. రెండో థీమ్‌కి ముందు రెండుసార్లూ, అంటే 14వ బార్‌కి ముందూ 59కి ముందూ, సంగీతం జి (పంచమం) కార్డ్ మీదే ఆగుతుంది. మొదటిసారి అక్కణ్ణుంచి జిలోకి, రెండోసారి సిలోకి వెళ్ళాలి. రెండోసారి కూడా జిలోకి తిరిగితే ముగింపు దొరకదు, చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఆ రెండు మలుపుల్నీ పక్కపక్కనే, ఒకదాని తరవాత ఒకటి సాధన చేయించండి. 1, 14, 29, 42, 59 బార్ల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వాటిలో ఎక్కడి నుంచైనా చూడకుండా మొదలుపెట్టగలిగేలా చెయ్యండి. తప్పు పడితే వెనక్కి వెళ్ళొద్దు, తరవాతి గుర్తుకి దూకమనండి.