పెరటి ముచ్చట్లు: గొడుగు పట్టుకుని నీళ్లు పోసిన రోజులు

ప్రశ్న: పదిహేనేళ్లు అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉన్నాం. ఎనిమిది నెలల కింద పెరడున్న ఇంటికి మారాం. ఇక కూరగాయలు కొనేది లేదని అందరికీ చెప్పుకున్నాను, ఇప్పుడు మొహం చెల్లడం లేదు. టమాటాల అడుగు నల్లబడి కుళ్లిపోతోంది. పొద్దునా సాయంత్రం తప్పకుండా నీళ్లు పోస్తున్నాను. పురుగుమందు కూడా రెండుసార్లు కొట్టాం. గుమ్మడి తీగ నిండా పూలే గానీ ఒక్క పిందె నిలవలేదు. నాలుగు కోడిపెట్టలు మొన్నటిదాకా గుడ్లు పెట్టి ఒక్కసారిగా మానేశాయి. పుంజు లేకపోతే ఎలా పెడతాయని మావారు. కంపోస్టు డబ్బా దగ్గర వాసనకి నిలబడలేకపోతున్నాం. ఇదంతా మాకు చేతకాదేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే ఏడాది పెరడంతా వేస్తే ఏదో ఒకటైనా దక్కుతుందా?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ మందు డబ్బా లోపల పెట్టేయండి. టమాటా అడుగు నల్లబడటానికి పురుగు కారణం కాదు. కాయ పెరిగే సమయంలో దానికి కాల్షియం సరిగ్గా అందకపోతే అలా అవుతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా ఇలా జరుగుతుంది. ఎందుకంటే అది నీటితో కలిసి వేళ్ల నుంచి పైకి రావాలి. ఆకులు ఎండకి నీటిని ఎక్కువ ఆవిరి చేస్తాయి కాబట్టి ఆ నీళ్లూ, వాటితో పాటు కాల్షియమూ ఎక్కువగా ఆకులకే పోతాయి. మట్టి ఒకసారి బురదగా, ఒకసారి బీటలు వారేంత పొడిగా ఉంటే కాయకి వచ్చేది ఇంకా తగ్గిపోతుంది.

రోజూ రెండు పూటలా పోస్తున్నాను కదా అంటారు. నేనూ అదే అన్నాను. ఉద్యోగం మానేసి వచ్చిన మొదటి ఏడాది, మీటింగ్‌లకి పెట్టుకున్నట్టు ఫోన్లో అలారం పెట్టుకుని మరీ నీళ్లు పోశాను. ఒక సాయంత్రం ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పైపు. వాన పడుతోందని తెలుసు, అయినా అలారం మోగింది కదా! పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా చూసి ఏమీ అనలేదు. మర్నాడు వచ్చి మొక్క మొదట్లో మట్టిలోకి వేలు దించింది. పైన బురద, రెండంగుళాల కింద పొడి మట్టి! వానకీ ఆ పొడి తడవలేదు. నేను నెలంతా పైపైనే చల్లానన్నమాట. అలా చల్లితే వేళ్లు తడి ఉన్న పై పొరలోనే ఉండిపోతాయి, మిట్టమధ్యాహ్నం ఆ పొర ఆరగానే మొక్క తల వాల్చేస్తుంది. మనం కంగారుపడి మళ్లీ చల్లుతాం.

కాబట్టి వేలు రెండో కణుపు దాకా దించి చూడండి. తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు. పొడిగా ఉంటే నీళ్లు నెమ్మదిగా, లోపలికంటా దిగేలా పోయండి. మొదలుకి నాలుగు వేళ్లు వదిలి, చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తడి నిలకడగా ఉంటుంది. నల్లబడిన కాయలు కోసేయండి, అవి ఇక బాగుపడవు. తర్వాత వచ్చేవి మారతాయి. గుడ్డు పెంకులు నలిపి వేయమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అవి మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది, ఈ కాపుకి అక్కరకు రావు. ఆకు బాగా వస్తోంది కదా అని నత్రజని ఎరువు ఎక్కువ వేసినా ఈ జబ్బు ముదురుతుంది.

గుమ్మడికి మొదట వచ్చేవి ఎక్కువగా మగపూలే, అవి రాలిపోవడం మామూలే. పువ్వు కింద చిన్న బుడిపె ఉంటే అది ఆడపువ్వు. ఆ బుడిపె పసుపురంగుకి తిరిగి రాలుతోందంటే పుప్పొడి అందలేదని అనుకోవచ్చు. పుప్పొడి మోసేది తేనెటీగలు. మీరు కొట్టిన మందు టమాటాకి ఏ మేలూ చేయలేదు గానీ, వాటిని తరిమేసి ఉండొచ్చు. అవి తిరిగొచ్చేదాకా పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, మధ్య కాడని ఆడపువ్వు లోపల రుద్దండి. ఎండ ఎక్కితే పూలు ముడుచుకుపోతాయి, అప్పుడు చేసి లాభం లేదు.

కంపోస్టు వాసనంటే లోపల తడి ఎక్కువై గాలి ఆడటం లేదని. ఒక బుట్ట వంటింటి చెత్తకి రెండు మూడు బుట్టల ఎండుటాకులో చింపిన అట్టముక్కలో కలిపి తిరగేయండి. పిడికిట పిండితే చుక్కో రెండు చుక్కలో రావాలి, ధార కట్టకూడదు.

ఇక కోళ్లు. గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు, పిల్లలు కావాలంటేనే పుంజు. మీవారు పుంజుని కొనుక్కు రాకముందే ఈ ముక్క చదివి వినిపించండి. ఒక గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది, అంటే మంచి పెట్ట కూడా మధ్యమధ్యలో ఒక రోజు గుడ్డు పెట్టదు. నాలుగూ ఒకేసారి మానేశాయంటే గూట్లో ఈకలు రాలాయేమో చూడండి. పాత ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునేటప్పుడు తిన్న మాంసకృత్తులన్నీ వాటికే పోతాయి, గుడ్లు ఆగుతాయి. పగలు కురచవుతున్నా తగ్గుతాయి, వాటికి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. ఎండలో తాగే నీళ్లు అయిపోయినా అంతే. ఇంకో సంగతి, ముద్దు చేసి మిగిలిన అన్నం, రొట్టెముక్కలు పెడుతున్నారా? వాటితో కడుపు నింపుకుని దాణా మానేస్తాయి. నాకు మాత్రం వేరేలా అయింది. గుడ్లు మానేశాయని వారం రోజులు దిగులుపడ్డాక కట్టెల మోపు వెనక పదకొండు గుడ్లు దొరికాయి. మీ పెరట్లో మూలలన్నీ ఒకసారి వెతకండి.

పెరడంతా మాత్రం వద్దు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, ఒక్క మడి చాలు. నలుగురికీ చెప్పుకున్నారని మొహమాటపడి ఇంకో మడి తవ్వకండి. కాయలు కాసే మొక్కలకి కనీసం ఆరు గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఈ ఆదివారం గంటగంటకీ పెరట్లో నీడ ఎక్కడిదాకా వస్తోందో సున్నంతో గీతలు గీయండి. ఆ గీతలు చూశాక విత్తనాల సంగతి అడగండి, రాస్తాను.