పాత స్పోర్ట్స్ కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: మాది 1964 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లకూ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు అందించే పరికరాలు) కొత్త సూదులు, జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న గొట్టాలు) వేశాం. అయినా స్లోలో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు) ఇంజన్ వణుకుతోంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే క్షణం తడబడి, ఆ తర్వాతే లాగుతోంది. జెట్ నట్లు (పెట్రోల్ పాళ్లు మార్చే నట్లు) ఎటు తిప్పినా తేడా కనిపించడం లేదు.

జ: జెట్ నట్లను కాసేపు వదిలేయండి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

తడబాటుకు ముందుగా అనుమానించాల్సింది కార్బ్యురేటర్ పిస్టన్ వేగాన్ని తగ్గించే డాంపర్‌లో ఆయిల్. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) ఒక్కసారిగా తెరుచుకుంటే గాలి ఉరవడికి పిస్టన్ ఎగిరి లేస్తుంది. దాన్ని ఆ ఆయిలే ఆపి, నెమ్మదిగా లేవనిస్తుంది. ఆ కాస్త ఆలస్యంలో జెట్ మీద పీల్పు పెరిగి, ఇంజన్‌కు కావలసిన అదనపు పెట్రోల్ అందుతుంది. ఆయిల్ లేకపోతే మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. డాంపర్ పై మూత విప్పి, మళ్లీ కిందికి నొక్కి చూడండి. మూత ఇంకా 6 మి.మీ. ఎత్తులో ఉండగానే చేతికి అడ్డు తగలాలి. తగలకపోతే ఎస్ఏఈ 20 ఆయిల్ పోయండి.

ఇక వణుకు. కార్బ్యురేటర్ల జోలికి వెళ్లే ముందు మూడు కొలతలు సరిచూడండి: చల్లటి ఇంజన్ మీద టాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర ఉండే సందు) 0.38 మి.మీ., స్పార్క్ కోసం కరెంటు తెంచే కాంటాక్ట్ పాయింట్ల మధ్య 0.35 నుంచి 0.40, స్పార్క్ ప్లగ్ గ్యాప్ 0.64. ఒక వాల్వు బిగుసుకుని ఉంటే ఏ జెట్ నట్టూ దాన్ని బాగుచేయలేదు. తర్వాత ఇంజన్ నడుస్తుండగా థ్రాటిల్ స్పిండిల్ (థ్రాటిల్ తిరిగే ఇరుసు) రెండు చివర్లా కొద్దిగా పలచటి ఆయిల్ వేయండి. స్లో మారితే స్పిండిల్ అరిగి అక్కడ గాలి పీలుస్తున్నట్టే. కొత్త సూదులు వేసి, అరిగిన స్పిండిల్‌ను అలాగే ఉంచడం చాలామంది చేసే పొరపాటు.

ఇవన్నీ బాగుంటే ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు స్పిండిళ్లను కలిపే క్లాంపులు వదులు చేయండి. ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండో కొస ఒక్కో కార్బ్యురేటర్ నోటి దగ్గర ఉంచండి. రెండింటిలోనూ బుస ఒకేలా వినిపించేదాకా థ్రాటిల్ స్క్రూలు తిప్పండి. ఇంజన్ ఆపి, జెట్ నట్టు తిప్పి జెట్ కొసను బ్రిడ్జికి (పిస్టన్ కింది గట్టుకు) సమానమయ్యేవరకు పైకి తెచ్చి, అక్కడి నుంచి 12 పలకలు, అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి దించండి. ఇంజన్ వేడెక్కాక లిఫ్టింగ్ పిన్‌తో పిస్టన్‌ను 0.8 మి.మీ. మాత్రమే లేపండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), నట్టు పైకి. ఇంజన్ కూలబడితే లీన్ (పెట్రోల్ తక్కువ), నట్టు కిందికి. కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టు. ఒక్కోసారి ఒక్క పలకే తిప్పండి. ఒకదాన్ని మారిస్తే రెండోదీ మారుతుంది, కాబట్టి రెండింటినీ మళ్లీ చూడాలి. చివర్లో క్లాంపులు బిగించడం మరవకండి.

ఒక హెచ్చరిక: పిస్టన్, దాని పై డోమ్ జతగా తయారైనవి. కడిగేటప్పుడు ఒక కార్బ్యురేటర్‌వి మరొకదానికి మారిపోకూడదు.

ప్ర: మెర్సిడెస్ 300ఎస్ఎల్ ఇంజన్ ఆయిల్ త్వరగా పలచబడుతుందంటారు. పిస్టన్ రింగులు అరిగిపోవడం వల్లేనా?

జ: రింగులు బాగున్నా జరుగుతుంది. 1954లో వచ్చిన ఈ 2,996 సీసీ ఇంజన్‌లో బాష్ మెకానికల్ పంపు పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. ఇగ్నిషన్ కట్టేసినా ఇంజన్ పూర్తిగా ఆగేదాకా పంపు చిమ్ముతూనే ఉంటుంది. మండని ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి చేరుతుంది. డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంకులో ఉండే ఏర్పాటు) కావడంతో ఆయిల్ చాలా ఎక్కువ, చిన్న ప్రయాణాల్లో అది పూర్తిగా వేడెక్కదు, కలిసిన పెట్రోల్ ఆవిరైపోదు. అందుకే ఆయిల్‌ను తొందరగా మార్చాలి. డిప్‌స్టిక్ మీద పెట్రోల్ వాసన వస్తే కిలోమీటర్ల లెక్క చూడకండి. పది నిమిషాల ప్రయాణాలు మానేసి, ఆయిల్ బాగా వేడెక్కేంత దూరం నడపండి.

ప్ర: వైర్ వీల్స్ (తీగ చువ్వల చక్రాలు) ఉన్న కారును రివర్స్ తీసేటప్పుడు, బ్రేక్ వేసేటప్పుడు వెనక చక్రంలో టక్కుమంటోంది.

జ: స్ప్లైన్లు, అంటే చక్రాన్ని హబ్‌కు (ఇరుసు కొసనున్న భాగానికి) పట్టించే పళ్లు, అరిగి ఉంటాయి. కారును జాకీ మీద ఎత్తి, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే మీరు చక్రాన్ని ముందుకు, వెనక్కు తిప్పి చూడండి. హబ్ కదలకుండా చక్రం కదిలితే సందేహం లేదు. పళ్లు కత్తి అంచులా సన్నబడితే హబ్, చక్రం రెండూ మార్చాలి. పాత హబ్ మీద కొత్త చక్రం వేస్తే దాన్నీ తినేస్తుంది.

హబ్ మార్చేటప్పుడు పక్క తప్పకండి: కారు ఎడమవైపు మామూలు మర, కుడివైపు ఎదురు మర. పక్కలు తారుమారైతే నడిచేకొద్దీ స్పిన్నర్ (చక్రాన్ని పట్టి ఉంచే మధ్య నట్టు) తనంతట తానే వదులై చక్రం ఊడిపోతుంది. స్ప్లైన్లకూ చక్రం ఆనే కోన్‌కూ పలచగా గ్రీజు రాసి, చక్రం గాలిలో ఉండగానే రాగి సుత్తితో బిగించండి. కొద్ది దూరం నడిపి మళ్లీ చూడండి.

ప్ర: డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే పాత రకం జనరేటర్) ఉన్న కారును పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్‌ను కారు బాడీకి కలపడం) నుంచి నెగటివ్ ఎర్త్‌కు మార్చవచ్చా?

జ: మార్చవచ్చు. బ్యాటరీ వైర్లు తిప్పి కలిపాక, డైనమో నుంచి రెండు వైర్లూ తీసేయండి. డైనమోనూ కొత్త దిశకు మార్చడానికి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరును దాని ఎఫ్ (ఫీల్డ్) టెర్మినల్‌కు రెండు మూడుసార్లు క్షణంపాటు తాకించండి. ఎఫ్ వైరు తీయకుండా ఈ పని చేస్తే కంట్రోల్ బాక్స్ (ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) కాలిపోవచ్చు. ఇగ్నిషన్ కాయిల్ మీది సన్న వైర్లనూ అటూ ఇటూ మార్చండి.