కల్యాణదుర్గం వైపు బీడులో మేపుతున్న జీవాలు పోతున్నాయి. తోడేలేనా? దొడ్డి ఎట్లా కట్టుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి వంద జీవాలు, రాత్రిళ్ళు చేనులో వల దొడ్డి. రెండు గొర్రెపిల్లలు ఆనవాలు లేకుండా పోయాయి. ఇంకోసారి నాలుగు గొర్రెలు వెనక తొడలు చీరుకుపోయి పడున్నాయి. ఈ రెండూ ఒకే జంతువు పనిలా లేవు. పిల్లల్ని ఎత్తుకుపోయింది తోడేలు కావచ్చు. తొడలు చీల్చింది మాత్రం ఊరకుక్కలే అనిపిస్తోంది. ఎవరి పనో తేలకుండా డబ్బు ఖర్చు పెడితే అది మట్టిపాలే.

కుక్కలు తొడలు, తోక, చెవులు, పొట్ట ఎక్కడపడితే అక్కడ కరుస్తాయి. చాలా జీవాలకు గాయాలవుతాయి, తినేది తక్కువ. తోడేలు పిల్లనైతే ఎత్తుకుపోతుంది, పెద్దదైతే గొంతు పట్టి పొట్ట చీల్చి తింటుంది. చిరుతదీ గొంతు పట్టే, కానీ జీవాన్ని పొదల్లోకి ఈడ్చుకుపోతుంది. దాని అడుగు గుండ్రంగా ఉంటుంది, గోళ్ళ గుర్తులు పడవు. తోడేలు అడుగుకూ కుక్క అడుగుకూ తేడా పట్టడం కష్టం. తడి ఇసుకలో చాలా దూరం తిన్నగా ఒకే వరుసలో పోయుంటే తోడేలని అనుమానించొచ్చు, కుక్క అడుగులు వంకరటింకరగా తిరుగుతాయి. ఇంకొకటి, పంచనామా అయ్యాక పశువైద్యుడు గొంతు దగ్గర తోలు ఒలిచేటప్పుడు చూడండి. కింద నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంటే బతికుండగా పట్టింది. తెల్లగా ఉంటే రోగంతోనో పాము కరిచో చచ్చినదాన్ని తర్వాత ఏదో తినింది. నక్క, దుమ్ములగొండి మీద పడే నిందల్లో చాలా వరకు ఇట్లాంటివే. (తోలు మీరు ముట్టుకోకండి.)

తోడేలుకు దట్టమైన అడవి అక్కర్లేదు. గడ్డి బీళ్ళు, గుట్టలు, వంకలు దాని చోటు. నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిమైదానం కూడా అట్లాంటిదే. అంటే మన మేత బీడే దాని ఇల్లు. అది మందను కడగొట్టు నుంచి చూస్తుంది: కుంటిది, వెనకబడిన పిల్ల, మధ్యాహ్నం చెట్టు కింద కాపరి కునుకు తీసే సమయం, పొద్దుగూకే వేళ కంపల మధ్య వంక దాటే చోటు, ఏపుగా పెరిగిన జొన్న, కంది చేల అంచు. ఒకటి ఎదురుగా కనబడి కుక్కనూ మనిషినీ లాగుతుంటే రెండోది అవతలి పక్క నుంచి పిల్లను పట్టుకుపోతుందని కాపరులు చెప్పేది నిజమే. అందుకే తరమొద్దు. ఒక్కరే ఉంటే మందను దగ్గరకు కూర్చి అక్కడే నిలబడి అరవండి. ఇద్దరుంటే ఒకరు ముందు, ఒకరు వెనక. నెల దాటని పిల్లల్ని మేతకు తోలొద్దు.

ఇక దొడ్డి. నాలుగడుగుల నైలాన్ వల జీవాలు బయటికి పోకుండా ఆపుతుందే కానీ లోపలికి వచ్చేదాన్ని ఆపదు. భయపడి జీవాలే తోసుకుని వల పడేస్తాయి, ఆ తొక్కిసలాటలోనే పిల్లలు చస్తాయి. పెద్ద జీవానికి 10 చదరపు అడుగుల లెక్కన వందకు 32 అడుగుల చదరం చాలు, చుట్టూ దాదాపు 130 అడుగులు. పదడుగులకొక రాతి కూసం, రెండడుగులు భూమిలోకి. రెండంగుళాల కన్నుల ఇనుప జాలీ ఆరడుగుల ఎత్తు. కింద ఇంకో రెండడుగుల జాలీని బయటివైపు నేలమీద పరిచి రాళ్ళు పేర్చండి. ఇది వదిలేస్తే కుక్కయినా తోడేలైనా తవ్వి దూరుతుంది. గేటు కింద సందు నాలుగు వేళ్ళ కంటే ఎక్కువుండకూడదు, ఎక్కువ దొడ్లు ఓడిపోయేది అక్కడే. బేతంచెర్ల వైపు నాపరాళ్ళు చవగ్గా దొరికితే అడుగున్నర పాతి నిలబెట్టినా తవ్వలేవు. చిరుత తిరిగే గుట్టల దగ్గరైతే పైన కూడా జాలీ మూయాల్సిందే, గోడ ఎంత ఎత్తైనా అది ఎక్కుతుంది.

అంత డబ్బు లేకపోతే సర్కారు తుమ్మ కంప. మొదలు లోపలికి, కొమ్మలు బయటికి ఉండేట్టు పేర్చండి. తిరగేస్తే మొదలు పట్టి బయటికి లాగేయడం సులువు. మనిషి ఎత్తు, నాలుగడుగుల మందం ఉండాలి. వాన తగిలి అణిగితే పైన మళ్ళీ వేయాలి. మందతో ఊళ్ళు తిరిగేవాళ్ళు వల మానలేరు కాబట్టి పిల్లల్ని గంపల కింద మూసి, పైన బండ పెట్టి, మధ్యలో ఉంచుకోవడమే మేలు.

మినుకుమినుకుమనే సోలార్ లైట్లు పనిచేస్తాయి కానీ ఒకేచోట ఉంచితే అలవాటు పడతాయి, మూడు నాలుగు రోజులకొకసారి చోటు మార్చండి. కంచె లేకుండా లైట్లు మాత్రమే కొనడం నా దృష్టిలో దండగ. కుక్కను రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడే మందలో పెంచండి, ఏటా రేబిస్ టీకా వేయించండి. ఈనాక పడే మాయ, చచ్చిన పిల్ల దొడ్డి పక్కన పారేస్తే ఊరకుక్కల్ని భోజనానికి పిలిచినట్టే. దూరంగా లోతుగా పూడ్చండి.

కరిచిన జీవం బతికుంటే గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి అయోడిన్ రాయండి, కుట్లు వేయించొద్దు. రేబిస్ టీకా 0 (మొదటి సూది రోజు), 3, 7, 14, 28 రోజుల్లో పడాలి, పశువైద్యశాలలో వెంటనే అడగండి. చేతికి పుండుండి దాని చొంగ తగిలితే మీరూ ఆసుపత్రికి వెళ్ళాలి.

విషగుళికలు, ఉచ్చులు, లైన్ నుంచి నేరుగా కరెంటు తీగ వద్దు. విషానికి ముందు చచ్చేది మీ కుక్కే. తోడేలు, చిరుత రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1 (గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువులు. చంపితే కనీసం మూడేళ్ళ జైలు.

అడవి జంతువు చంపితే అటవీశాఖ ఇచ్చే పరిహారానికి కళేబరం కదిలించకుండా అదే రోజు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. గాయాలు, అడుగులు పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి. పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు నకళ్ళు తీసుకోండి. కుక్కల పనైతే అటవీశాఖ ఇవ్వదు, అక్కడ ఆదుకునేది బీమానే. దానికి చెవి ట్యాగ్ ఉండాలి. ఊడితే ఆ వారంలోనే డాక్టర్‌తో కొత్తది వేయించి, నంబరు పాలసీలో మార్పించుకోండి.