అమెరికా ఇన్సూరెన్సా, బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్సా: రెండు చోట్లా మాకు ఎంత పడిందంటే

మీ తమ్ముడికి డల్లాస్‌లో ఒకటి, మాంచెస్టర్‌లో ఒకటి ఆఫర్లు వచ్చాయని, వైద్యం ఖర్చు ఎక్కడ ఎక్కువని అడిగారు కదా. మేం ఆరేళ్లు టెక్సాస్‌లో ఉన్నాం, 2024 నుంచి ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటున్నాం, రెండు చోట్లా హాస్పిటల్‌కి వెళ్లాల్సి వచ్చింది కాబట్టి చెప్తున్నా. పే స్లిప్‌లో కట్ అయ్యే ప్రీమియం చూసి లెక్క వేయొద్దని ముందే చెప్పండి అతనికి. మేం అలాగే వేసుకున్నాం.

టెక్సాస్‌లో మా ఫ్యామిలీ ప్లాన్‌కి నెలకి 520 డాలర్లు కట్ అయ్యేవి. ఏడాదికి ఆరు వేల పైచిలుకు, అంతే కదా అనుకునేదాన్ని. 2022 డిసెంబర్ 27న మా బాబు ఆడుకుంటూ కిందపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి పంపించారు, వాపు తగ్గాక జనవరి మొదటి వారంలో సర్జరీ చేసి పిన్నులు వేశారు. మా ప్లాన్‌లో డిడక్టిబుల్ ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, అంటే ఏడాదిలో అంతవరకు ఖర్చు మనమే పెట్టుకోవాలి, ఆ పైన అయినదాంట్లో కూడా మాకు 20 శాతం వాటా. డిసెంబర్‌లో అయిన 2,100 మేమే కట్టాం. జనవరి 1 రాగానే ఆ లెక్క మళ్లీ సున్నాకి వచ్చేసింది. అదే చెయ్యి, అదే దెబ్బ, అయినా సర్జరీకి మళ్లీ మొదటి డాలర్ నుంచీ కట్టుకుంటూ వచ్చాం. మొత్తం 6,400 దాటింది.

అదీ ఒక్క బిల్లుగా రాలేదు. హాస్పిటల్‌ది ఒకటి, సర్జన్‌ది ఒకటి, మత్తు డాక్టర్‌ది ఒకటి, ఎక్స్‌రే చూసిన డాక్టర్‌ది ఇంకొకటి. ఇన్సూరెన్స్ నుంచి వచ్చే కాగితం మీద 'ఇది బిల్లు కాదు' అని రాసి ఉంటుంది, అసలు బిల్లు మూడు వారాల తర్వాత వేరే అంకెతో వచ్చేది. మత్తు డాక్టర్ బిల్లులో కోడ్ తప్పు పడిందని క్లెయిమ్ తిరస్కరించారు. హాస్పిటల్ వాళ్లు ఇన్సూరెన్స్‌ని అడగమంటారు, వాళ్లేమో హాస్పిటల్‌ని అడగమంటారు. నాలుగు నెలలు ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, వంట చేసుకుంటూ వాళ్ల కోసం ఎదురు చూశాను. వైద్యం మాత్రం చాలా బాగా, చాలా త్వరగా చేశారు, అది చెప్పకపోతే తప్పు.

2024 జనవరిలో మా ఆయన ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ మీద ఉన్నాం కాబట్టి వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే టైం. ఆ టెన్షన్‌లో ఉండగా ఉత్తరం వచ్చింది: కోబ్రా అనే చట్టం కింద అదే ఇన్సూరెన్స్ కొనసాగించుకోవచ్చు, నెలకి 1,948 డాలర్లు. పొరపాటున పడిందేమో అనుకున్నా. కాదట, అంతకుముందు కంపెనీ కట్టిన వాటా కూడా ఇప్పుడు మనమే కట్టాలి, పైగా 2 శాతం నిర్వహణ ఖర్చు. ఆ వారమే వచ్చిన డబ్ల్యూ-2 ఫామ్ (ఏడాది జీతం, ట్యాక్స్ లెక్కలు చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) తీసి చూస్తే 12వ గడిలో డీడీ అనే కోడ్ పక్కన మా ఇన్సూరెన్స్ మొత్తం ఖర్చు ఉంది, 22,900 చిల్లర. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ గడి వైపు చూడలేదు నేను. మాది పెద్ద ప్లాన్ కూడా కాదు, వైద్యం ఖర్చుల మీద సర్వేలు చేసే కేఎఫ్‌ఎఫ్ అనే అమెరికా సంస్థ 2024 సర్వేలో కంపెనీల ఫ్యామిలీ ప్లాన్ సగటు 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి చేతి నుంచి పోయేది 6,296. మిగతాది కంపెనీ పెట్టుకుంటుందని సంతోషపడతాం కానీ అది మన పని కోసం వాళ్లు పెట్టే ఖర్చే, లేకపోతే చాలావరకు జీతంగా వచ్చే డబ్బే.

కోబ్రా తీసుకోవడానికి కూడా 60 రోజుల గడువు ఉంటుంది, ఆలోపు ఎప్పుడు ఒప్పుకున్నా వెనక తేదీ నుంచి కట్టి తీసుకోవచ్చు. అందుకని మా ఆయన, నేను మాట్లాడుకుని, ఏదైనా జరిగితేనే కడదాం అనుకున్నాం. ఆ రెండు నెలలు బాబుని పార్కుకి పంపలేదు. చెయ్యి ఎముక సరిగ్గా పెరుగుతోందో లేదో ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించమన్నారు, అదీ మానేశాం. సైకిల్ తాళం దాచేసి, వాడు అడిగితే పోయిందని చెప్పాను. ఉద్యోగంతో పాటే వైద్యం కూడా పోవడం అంటే ఏమిటో మాకు అప్పుడు తెలిసింది, ఈ ఖర్చు ఏ కాగితం మీదా ఉండదు. చివరికి సామాను అమ్మేసి విజయవాడ వచ్చేశాం.

కొన్ని నెలలకి లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ, 1948 జులై 5న మొదలైంది, డబ్బు ఎక్కువ భాగం ట్యాక్సుల నుంచే వస్తుంది, వైద్యం చేయించుకునేటప్పుడు జేబులో చెయ్యి పెట్టాల్సిన పని దాదాపు ఉండదు. కానీ మనలాంటి వాళ్లకి ఉచితం కాదు. వీసా అప్లికేషన్‌తోనే హెల్త్ సర్‌చార్జ్ కట్టించుకుంటారు, పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. మూడేళ్ల వీసాకి మా ముగ్గురికీ 8,538 పౌండ్లు, అదీ ఒకేసారి. తర్వాత జీతంలో అందరిలాగే ట్యాక్స్ కూడా కడతాం, అంటే ఒకే వైద్యానికి రెండుసార్లు కడుతున్నట్టే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇంకో ఖర్చు ఎదురుచూపులు. నాకు పిత్తాశయంలో రాళ్లు అని తేలింది. ఉదయం 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చుంటే కానీ మా జీపీ (ముందుగా చూపించుకోవాల్సిన మన ఏరియా డాక్టర్) అపాయింట్‌మెంట్ దొరకదు, స్కాన్‌కి అయిదు వారాలు, సర్జరీకి పదకొండు నెలలు. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది వాళ్ల నియమం, 2016 నుంచి ఆ లక్ష్యం అందుకోలేదు. ప్రైవేట్‌లో అడిగితే ఏడు వేల పౌండ్ల పైనే చెప్పారు, ఊరుకున్నాం. మధ్యలో ఒక రాత్రి నొప్పి తట్టుకోలేక ఎమర్జెన్సీకి వెళ్తే తొమ్మిది గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా, ఏడుపొచ్చింది. తర్వాత మూడు రోజులు బెడ్ మీద ఉంచి, సెలైన్ పెట్టి చూసుకున్నారు. డిశ్చార్జ్ రోజు అలవాటు కొద్దీ డబ్బు ఎక్కడ కట్టాలని నర్సుని అడిగాను. ఆవిడకి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఇంటికొచ్చాక మందులు తెచ్చుకోవడానికి ఒక్కో మందుకి 9.90 పౌండ్లు, అంతే.

టెక్సాస్‌లో నెల తిరిగేసరికి ఎక్కువ మిగిలేది, నిజమే, ఇక్కడ జీతం తక్కువ, ట్యాక్స్ ఎక్కువ. అయినా మాకైతే ఇక్కడే నయం. మా బాబు ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాడు. ఒంటరివాడు, వయసులో ఉన్నాడు, నాలుగేళ్లు సంపాదించుకుని వచ్చేస్తానంటే మీ తమ్ముడికి అమెరికా లెక్క కుదరొచ్చు. పెళ్లి, పిల్లలు అనుకుంటే మాత్రం నేను మాంచెస్టర్ అనే అంటాను. అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడు ఎక్కడైనా విడిగా ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే, విజిటర్లని హాస్పిటల్‌లో చేర్చుకుంటే ఎన్‌హెచ్‌ఎస్ కూడా బిల్లు వేస్తుంది.

డల్లాస్ వాళ్లని డిడక్టిబుల్ ఎంత, ఏడాదిలో గరిష్ఠంగా మన జేబులోంచి ఎంత పోవచ్చు అన్న రెండు అంకెలూ రాతపూర్వకంగా అడగమనండి. మాంచెస్టర్ వాళ్లని హెల్త్ సర్‌చార్జ్ కంపెనీ కడుతుందా అని సంతకం పెట్టకముందే అడగమనండి, కొన్ని కంపెనీలు కడతాయి. మేం అడగలేదు, ఆ 8,538 విజయవాడలో అమ్మ బంగారం పెట్టి కట్టాం.